గుంతా సందూ

మళ్ళీ టికటిక. వెనక వస్తున్న మనిషి తొక్కడం ఆపితే ఆమె సైకిల్ చక్రం చేసే చప్పుడది. ఈసారి దేన్ని చూసి ఆపింది? రోడ్డు మీద ఏమీ లేదు, కరెంటు స్తంభం నీడ అడ్డంగా పడి ఉంది, అంతే. మర్లేని వెనక్కి తిరగలేదు. తిరిగితే విసి సిగ్గుపడుతుంది. తనూ కాళ్ళు నెమ్మది చేసి నీడ దాటింది. కాసేపటికి టికటిక ఆగింది, వెనక చైను మళ్ళీ కదలడం వినిపించింది. అమ్మయ్య. రెండు పక్కలా బార్లీ చేలు, సగం పచ్చ, సగం పసుపు, వాయవ్యం నుంచి వచ్చే గాలికి దువ్వినట్టు ఒకే పక్కకి వంగుతున్నాయి. ఈ మైదానం మీద తల దాచుకోవడానికి ఏమీ ఉండదు. దూరంగా పావురాల కోసం కట్టిన, కూలిపోతున్న మట్టి గూడు ఒకటి, ఇంకా దూరంగా చర్చి గోపురం మీద కొంగ, అంతే. పద్నాలుగేళ్ళ కిందట బస్సు దిగినప్పుడు కొండలన్నీ ఎవరో ఎత్తుకుపోయారనిపించింది. ఇప్పుడు కొండలు గుర్తుకు రావు. ఏడు నెలలుగా గుర్తొచ్చేది ఒకటే మాట. పిండి పిసుకుతున్నా అదే, పళ్ళు తోముకుంటున్నా అదే. ఇవాళ చెప్పాలి. మైదానం అంచు నుంచి రోడ్డు నదిలోయలోకి దిగేలోపు చెప్పెయ్యాలి. ఇంకో పద్నాలుగు కిలోమీటర్లు ఉంది. పద్నాలుగు కిలోమీటర్లలో ఒక మాట చెప్పలేదా మనిషి?

రేపటి నుంచి రొట్టెల బండి విసిది కాదు. ముప్ఫయ్యేళ్ళుగా పొద్దున్నే ఎనిమిది ఊళ్ళు తిరిగి, ప్రతి కూడలిలో మూడుసార్లు హారన్ కొట్టి, ముసలమ్మలు గౌన్ల మీదే బయటికొస్తే వాళ్ళ రొట్టె వాళ్ళ చేతికిచ్చి, ఎవరికి మాడినది ఇష్టమో ఎవరికి తెల్లగా ఉన్నది ఇష్టమో రాసుకోకుండా గుర్తు పెట్టుకునే మనిషి. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళన్న ఫ్రోయ్‌లాన్ ఇక నీ తలని నమ్మి బండి ఇవ్వలేనని, పక్క ఊరి కుర్రవాడెవణ్ణో మాట్లాడానని, సోమవారం నుంచి వాడే బండి నడుపుతాడని చెప్పి చెయ్యి చాపాడు. విసి గొడవ చేస్తుందనుకుంది మర్లేని. పళ్ళెం విసిరేస్తుందనుకుంది, రొట్టెల పొయ్యిలో నాకూ సగం వాటా ఉందని అరుస్తుందనుకుంది. విసి జేబులోంచి తాళాలు తీసి అతని అరచేతిలో పెట్టి, చారు చల్లారిపోతోంది తినండి అంది. అంత తేలిగ్గా. సైకిల్ కూడా ఈ ఆదివారంతో సరి అంది. చివరిసారి నదిదాకా వెళ్ళొద్దాం, నువ్వూ నేనూ, మనతో తొక్కే మగవాళ్ళని వేరే దారిన ముందు పంపించేద్దాం, వంతెన దగ్గర బార్‌లో కలుసుకుంటారులే, నత్తలా వచ్చామని వాళ్ళెలాగూ నవ్వుతారు, నవ్వనీ, అంది. చివరిసారి అన్న మాట ఆవిడ నోట్లో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు వచ్చింది. ఆ నోరు అలా వాడిపోవడం మర్లేని చూడలేకపోయింది. చూస్తూనే కూర్చుంది.

విసి భయం కాళ్ళ గురించి కాదు. అక్టోబరులో సైకిల్ మీంచి పడి విరిగిన తుంటి ఎముక అతుక్కుంది, జబ్బ ఎముక అతుక్కుంది. భయం తల గురించి. వాళ్ళమ్మ ఎయుతిమియాకి వచ్చిన మతిమరుపే తనకీ వస్తోందని. ఆ ముసలావిడని చూసుకోవడానికే కదా మర్లేని ఈ ఊరికి వచ్చింది. మొదటిరోజు పొద్దున ఆరింటికి మంచం పక్కన నిలబడి, అమ్మగారూ మీకు తింతో తెమ్మంటారా అని అడిగింది. మర్లేని పుట్టిన కొండల్లో తింతో అంటే పాలు లేని కాఫీ. ఇక్కడ ఎర్ర వైన్. ముసలావిడ కళ్ళు మెరిశాయి, తెమ్మంది. కాఫీ చూసి మొహం ముడుచుకుంది. మధ్యాహ్నానికి ఊరంతా పాకింది, కొలంబియా పిల్ల తెల్లారకుండానే మందు పోస్తానందట అని. ఇప్పటికీ ఫ్రోయ్‌లాన్ కాఫీ అడిగేటప్పుడు, ఆ తింతో ఇలా పట్రా అంటాడు. విసి కూడా తక్కువేం కాదు. మర్లేని వైపు వాళ్ళు అమ్మనీ తమ్ముణ్ణీ, పాలిచ్చే ఆవునీ కూడా మీరు అనే అంటారు. నన్ను మీరు అంటుంటే చర్చి ఫాదర్ని పిలిచినట్టుందే అని విసి మొదటి ఏడాదంతా పోట్లాడింది. తర్వాత ఊరుకుంది. అలాంటి తికమకలు ఎన్ని జరగలేదు, అన్నిటికీ నవ్వుకున్నారు, అన్నిటికీ. అక్టోబరులో జరిగిన ఆ ఒక్కదానికి మాత్రం నవ్వడానికి కుదర్లేదు. ఎయుతిమియాకి మొదట పోయింది దారి. చర్చికని బయల్దేరి పాత కళ్ళాల దగ్గర తేలేది. కూతురు వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, ఈ రోడ్డు నాకు తెలుసమ్మా, అదే నన్ను మర్చిపోయింది అనేది. ఎనిమిదేళ్ళు పట్టింది ఆవిడ పూర్తిగా వెళ్ళిపోవడానికి. సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తూ విసి మర్లేని మోచెయ్యి పట్టుకుంది. నాకు మొదలైనప్పుడు మొదట నీకే తెలుస్తుంది, నాకు చెప్పు, దాచకు, మాటివ్వు అంది. ఇచ్చింది. ఇక రొట్టెల పొయ్యి దగ్గర పనిచెయ్యి, ఎక్కడికీ పోవద్దు అంది. పోలేదు.

గాలి పెరుగుతోంది. ఎడమ చెవిలో ఎవరో గుడ్డ చింపుతున్నట్టుంది. మర్లేని రోడ్డు మధ్యకి జరిగి, కుడిపక్కన విసికి గాలి తగలని చోటిచ్చేలా కాస్త ఏటవాలుగా నడిపింది. అలవాటు. విసికి యాభై దాటాక సైకిల్ నేర్పింది తనే. అమ్మ జబ్బుతో ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోందంటే, పెరట్లో వాళ్ళ నాన్న పాత సైకిల్ దులిపి, రోజుకో గంట తీసుకెళ్ళేది. అప్పుడు చెప్పిన మొదటి పాఠం: నా వెనక చక్రం చూడండి, రోడ్డు చూడకండి, రోడ్డు నేను చూస్తాను, నేనేమంటే అది చెయ్యండి. ఎంత ధీమాగా చెప్పింది. నేనేమంటే అది చెయ్యండి. విసి చేసింది.

నల్లటి అతుకు కనిపించింది. బూడిదరంగు రోడ్డు మీద కొత్త తారు, మంచం దుప్పటంత. టికటిక. ఈసారి చాలాసేపు. తర్వాత బ్రేకులు.

"ఇదేనా?" అంది విసి.

"ఇదే."

విసి ఒక కాలు నేల మీద పెట్టి నిలబడింది. హెల్మెట్ కింద చెమటకి నెరిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయింది. రోజూ బండిలో దీని మీదుగానే వెళ్తున్నాను, పడిన సంగతి ఒక్క ముక్క కూడా గుర్తుకు రాదు అంది. డాక్టరు మామూలే అన్నాడట, తలకి దెబ్బ తగిలినప్పుడు ఆ నిమిషం తిరిగి రాదట. అది సరే. కానీ వెనక వస్తున్నవాళ్ళు చూసింది చూశారు కదా.

"ఎదురుగా బండి దిగబడేంత గుంత. ముప్ఫయ్యేళ్ళుగా నాకు నా పళ్ళలా తెలిసిన గుంత. దాన్ని చూసి ఎవరైనా బ్రేకు వేస్తారు, పక్కకి తప్పుకుంటారు. నేను లేచి నిలబడి తొక్కానట. వేగం పెంచి మరీ వెళ్ళి పడ్డానట. ఎందుకే పిల్లా? గుంత చూసి వేగం పెంచే మనిషి ఎక్కడైనా ఉంటుందా?"

మర్లేని నోరు తెరిచింది. గాలి లోపలికి వెళ్ళింది, మాట బయటికి రాలేదు. విసి జవాబు కోసం అడగలేదన్నట్టు తనే తల ఊపుకుని, పద, చల్లబడితే తుంటి పట్టేస్తుంది అంది.

తొక్కుతున్నారు. ఎందుకు రాలేదు మాట? ఎదురుగా నిలబడి, చేతికందేంత దూరంలో, ఎందుకే అని అడిగింది కదా మనిషి, అంతకన్నా మంచి సమయం ఎక్కడ దొరుకుతుంది. అక్టోబరు ఆదివారం. ఇదే గాలి, ఇంకా చలిగా. పన్నెండు మంది. గాలి పక్కనుంచి కొట్టినప్పుడు వరస నిలువుగా ఉండదు, విసనకర్ర విప్పినట్టు రోడ్డంతా ఏటవాలుగా పరుచుకుంటుంది. ముందువాళ్ళ చక్రానికీ నీ చక్రానికీ మధ్య జానెడు. ఆ జానెడు మూరెడయిందంటే గాలి దూరుతుంది, నువ్వు ఒంటరివైపోతావు, ఇక ఎంత తొక్కినా అందుకోలేవు. అందుకే వరస ఎక్కడ తెగినా ఎవరో ఒకరు వేకో అని అరుస్తారు, సందు పడింది, వేగంగా పూడ్చు అని. గుంత కనిపిస్తే బాచే అంటారు. పద్నాలుగేళ్ళలో మర్లేని కొన్ని వందలసార్లు బాచే అని అరిచి ఉంటుంది. కానీ ఆమె పుట్టిన కొండల్లో గుంతనే వేకో అంటారు. సైకిళ్ళకి పాలక్యాన్లు కట్టుకుని బడికి దిగే దారిలో, ముందు తమ్ముడు, వెనక తను, వాన కొట్టుకుపోయిన రోడ్డు, తమ్ముడు మలుపు మలుపుకీ వెనక్కి అరిచేవాడు, వేకో, వేకో. ఆ ఆదివారం ముందున్న ఇద్దరూ ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకున్నారు, గుంత ఒక్కసారిగా కాళ్ళ కిందికి వచ్చింది, రెండు చేతులూ హ్యాండిల్‌ని పట్టుకుని ఉన్నాయి, చూపించడానికి చెయ్యి లేదు. ఆలోచించి అన్నదైతే బాచే అని ఉండేది. ఆలోచించలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల గొంతుతో వేకో అని అరిచి తను పక్కకి తప్పుకుంది. వెనకున్న విసి, రోడ్డు చూడని విసి, చెప్పింది చేసే విసి, సందు పడిందని లేచి నిలబడి బలంగా తొక్కింది.

ఆ చప్పుడు. అది తలుచుకోకూడదు. రోడ్డు చూడు. కుడివైపు బండరాయి, చిన్నది, దాటేసింది. వెనక టికటిక, దాటింది. వెనకున్న మగవాళ్ళకి గాలిలో ఏ అరుపూ వినపడలేదు. గాలి తోసేసిందన్నారు మొదట. మర్లేని తల ఊపింది. అంబులెన్సులో విసి చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు, కళ్ళు తెరవగానే చెప్పేస్తాను దేవుడా, ముందు కళ్ళు తెరవనీ అనుకుంది. తెరిచింది. నొప్పికి మూలుగుతున్న మనిషికి ఏం చెబుతాం, ఆపరేషన్ కానీ అనుకుంది. అయింది. నడక రానీ అనుకుంది. వచ్చింది. ఈలోపు చెప్పాల్సినవి రెండయ్యాయి, ఆ మాటా, ఆ మాట ఇన్నాళ్ళు చెప్పకపోవడమూ. రెండోది రోజురోజుకీ పెరిగింది. చెబితే ఊరు ఏమంటుంది? కొలంబియా పిల్ల భాష మళ్ళీ కొంప ముంచింది అంటుంది. అననీ. ఊరి సంగతి కాదు. విసి ఏమంటుంది? ఈ మైదానంలో మర్లేనికి ఉన్నది ఆ ఒక్క మనిషే. ఆ మనిషి కళ్ళలో ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ఇదా నన్ను పడేసింది అన్న చూపు కనిపిస్తే ఎక్కడికి పోవాలి. అందుకని నోరు మూసుకుంది. ఫిబ్రవరిలో పట్నం డాక్టరు దగ్గరికి కూడా తనే తీసుకెళ్ళింది. ఆయన ఒక కాగితం ఇచ్చి, గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నాడు. విసి, ముప్ఫయ్యేళ్ళుగా గడియారం చూడకుండా రొట్టె కాలిందని వాసనతో చెప్పే విసి, పెన్సిల్ పట్టుకుని అంకెలు ఒక్కొక్కటే వేసింది. ముల్లు వేసి, చెరిపి, మళ్ళీ వేసి, పరీక్షలో కూర్చున్న చిన్నపిల్లలా పక్కకి తిరిగి మర్లేని మొహం చూసింది. సరిగానే గీసింది. డాక్టరు బాగానే ఉందమ్మా అన్నాడు. మా అమ్మకి కూడా మొదట్లో బాగానే ఉందన్నారు అంది విసి. ఆ కుర్చీలో కూర్చుని తను ఏం చేసింది? కోటు గుండీ తిప్పుకుంటూ కూర్చుంది.

మైదానం అయిపోయింది. ఎప్పుడూ ఇంతే, ముందేమీ చెప్పదు, బార్లీ ఉండగా ఉండగా ఒక్కసారిగా నేల విరిగి, కింద పిసుయెర్గా నది, గట్టు వెంట పాప్లార్ చెట్లు, వాటి దూది గాలిలో తేలుతూ, వంతెన, వంతెన పక్కన బార్ గోడ. రోడ్డు ఆరు మలుపులు తిరుగుతూ దిగుతుంది. పద్నాలుగు కిలోమీటర్లూ అయిపోయాయి. విసి బ్రేకులు వేసి దిగిపోయింది. నేను నడిచొస్తాను, నువ్వు పో అంది. ఎక్కడం ఎంత కష్టమైనా పళ్ళు బిగించి ఎక్కేది, దిగేటప్పుడు మాత్రం పాటలు పాడేది, మగవాళ్ళు కూడా భయపడేంత వేగంగా ఈ మలుపులు దిగేది. ఇప్పుడు సైకిల్‌ని గాడిదని పట్టుకున్నట్టు పట్టుకుని, ఇనుప అడుగుల బూట్లు తారు మీద టకటకలాడిస్తూ, రోడ్డు అంచున నడుస్తోంది. వెనక నుంచి చూస్తే అచ్చం ఎయుతిమియా. కళ్ళాల వైపు నడిచే ఎయుతిమియా. మర్లేని సైకిల్ దిగింది.

"నేను అరిచాను," అంది.

విసి ఆగింది.

"ఆ రోజు. గుంత చూసి అరిచాను. వేకో అని."

"అయితే?"

"మా వైపు గుంతని అదే అంటారు. బాచే అనబోయి అలా వచ్చేసింది. మీరు సందు అనుకున్నారు. సందు పూడ్చడానికి లేచి తొక్కారు."

గాలి ఇక్కడ లేదు. లోయలోంచి ఎక్కడో ట్రాక్టరు చప్పుడు వస్తోంది. విసి సైకిల్ మీద రెండు చేతులూ ఆనించి నేలకేసి చూస్తూ, లోపల ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదవులు కదిపింది. వేకో. సందు. లేచి తొక్కాను. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"అంటే నేను విన్నాను. విని, చెయ్యాల్సింది చేశాను."

"అవును."

"నాకు మతి పోలేదు."

"పోలేదు. తప్పు నాది."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి చోటుంది. ఈమధ్యే తట్టిందనవచ్చు, నిన్న తట్టిందనవచ్చు. మర్లేని ఆ చోటు వైపు ఒకసారి చూసింది.

"మీరు నేలకి తగిలేలోపే."

విసి మొహం ఎర్రబడింది, మెడ దాకా. కొడుతుందనుకుంది మర్లేని. కొడితే బాగుండుననుకుంది. విసి గొంతు పెంచలేదు.

"తప్పు మాట ఎవరైనా అరుస్తారు. దానికి నిన్నేమీ అనను. ఆ గడియారం బొమ్మ గీస్తున్నప్పుడు నీ మొహంలోకి చూశానే నేను. నీ మొహంలోకి."

మర్లేనికి క్షమించండి అన్న మాట నోటిదాకా వచ్చింది, అదెంత చిన్న మాటో చూసి తనకే అసహ్యమేసి మింగేసింది. విసి కాలు తిప్పి సైకిల్ ఎక్కింది. ఎడమ బూటు పెడల్‌లో టక్కుమంది, కుడిది టక్కుమంది. మొదటి మలుపు దగ్గర బ్రేకు వేస్తుందని మర్లేని చూస్తోంది. వెయ్యలేదు. మోకాలు బయటికి తెరిచి, ఒళ్ళు వంచి, మలుపుని కత్తితో కోసినట్టు కోసుకుంటూ దిగింది. రెండో మలుపు. మూడోది. పాప్లార్ దూదిలోకి దూసుకుపోయింది. పాట మాత్రం లేదు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. మర్లేనికి ఏడుపూ వస్తోంది, పొట్టలోంచి ఒక పిచ్చి సంతోషమూ వస్తోంది, రెండూ ఒకేసారి, ఏదీ ఆగడం లేదు. పోయింది, నా మనిషి పోయింది, చూడు ఎలా దిగుతోందో, చూడు.

తను దిగేసరికి విసి సైకిల్ బార్ గోడకి ఆనించి ఉంది, పది మంది మగవాళ్ళ సైకిళ్ళ పక్కన. విసి గుమ్మంలో నిలబడి ఉంది, హెల్మెట్ చేతిలో. మాట్లాడుతుందా లేదా, పక్కకి తప్పుకుని దారిస్తుందా లేదా. లోపల వేయించిన గుడ్ల వాసన, నవ్వులు.

"నేను చెప్పను," అంది విసి, మర్లేని మొహం చూడకుండా. "నేను చెబితే ముసలిది సాకులు వెతుక్కుంటోందంటారు. చెప్పాల్సింది నువ్వు. అందరి ముందూ, మా అన్నకి." అని లోపలికి వెళ్ళి కౌంటర్ దగ్గర వీపు తిప్పి నిలబడి కాఫీ అడిగింది.

అందరి ముందూ అంటే పొద్దునకల్లా ఎనిమిది ఊళ్ళ ముందు. కూడలిలో రొట్టె తీసుకునే ప్రతి ముసలమ్మా అంటుంది, ఏం అరిచావే పిల్లా, మళ్ళీ ఒకసారి అరిచి చూపించు అని. ఏళ్ళ తరబడి అంటారు. తింతో లాగా నవ్వుతూ అనరు. మర్లేని బల్లల మధ్య నుంచి నడిచింది. చివరి బల్ల దగ్గర ఫ్రోయ్‌లాన్ నోటి నిండా రొట్టెతో చెయ్యి ఊపి, ఏమ్మా కొలంబియా, నత్తల పందెంలో ఎవరు గెలిచారు, కూర్చో, నీకో తింతో చెప్పనా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో కుర్చీ లాగారు. ఆమె కూర్చోలేదు.

"బండి తాళాలు ఆవిడకి తిరిగిచ్చేయండి, ఫ్రోయ్‌లాన్," అంది. "ఎందుకో చెబుతాను."

కౌంటర్ దగ్గర విసి కప్పులో తిరుగుతున్న చెంచా ఆగిపోయింది.